చెయ్యి పక్కన గుండె

సువర్చలకి తాళం రాదు. ఈ సంగతి చుట్టాలందరికీ తెలుసు, ఆమెకీ తెలుసు, కానీ ఒప్పుకోదు. భజనలో చప్పట్లు కొట్టమంటే మనస్ఫూర్తిగా కొడుతుంది. పక్కన కూర్చున్నవాళ్ళు కాసేపు ఓర్చుకుని, మంచినీళ్ళ వంక పెట్టి లేచిపోతారు. మృదంగం వాయించేవాణ్ణి కట్టుకుని ఇన్నేళ్ళు కాపురం చేసినా ఆ విద్య ఆమెకి అంటలేదు. కాశీపతి మాత్రం భార్యని ఎప్పుడూ ఆపలేదు. ఇంట్లో సాధన చేసుకుంటూ, "వెయ్యి, వెయ్యి. నీ తాళానికి వాయించగలిగితే లోకంలో ఎవరికైనా వాయించొచ్చు" అనేవాడు. ఆమె మూతి ముడుచుకుని ఇంకాస్త గట్టిగా వేసేది. అతను నవ్వుకుంటూ ఆమె ఎక్కడ తప్పితే అక్కడికి వెళ్ళి పట్టుకునేవాడు.

తర్వాత పక్షవాతం వచ్చింది. ఒక శ్రావణ శుక్రవారం పొద్దున కాఫీ గ్లాసు అందుకోబోతే కుడిచెయ్యి మాట వినలేదు. ప్రాణం దక్కింది, మాట దక్కింది, నడక మెల్లగా వచ్చింది. చెయ్యి మాత్రం ఎవరో ఒళ్ళో పెట్టి మర్చిపోయిన సామానులా ఉండిపోయింది. కచేరీలు పోయాయి. నలుగురూ వచ్చి "ధైర్యంగా ఉండండి మాస్టారూ" అని చెప్పి వెళ్ళారు. మృదంగాలకి గుడ్డ కప్పేసి, ఆ గుడ్డ మీద దుమ్ము పేరుకోవడం చూస్తూ కూర్చున్నాడు కాశీపతి.

సువర్చల అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు. విశాఖపట్నంలో సముద్రానికి ఎదురుగా కొండ మీద ఉన్న ప్రయోగశాలలో ఆమె పని. నరాల దారి తెగిపోయిన చోట చింతగింజంత చిప్ పెట్టి, మెదడు చెప్పిన మాటని చేతికో కాలికో చేరవేయడం అక్కడి విద్య. చిప్‌ని వాళ్ళు ముద్దుగా గింజ అంటారు. గింజ లోపల నడిచే ప్రోగ్రాం రాసేవాళ్ళకి సువర్చలే పెద్ద. భర్తకి గింజ పెట్టించింది. నెల తిరక్కుండా కాశీపతి కుడిచేత్తో అన్నం కలుపుకున్నాడు. ఆ పూట ఇద్దరూ కంచాల ముందు కూర్చుని ఏడ్చారు.

అన్నానికి పనికొచ్చిన చెయ్యి మృదంగానికి పనికిరాలేదు. మనసులో "త" అనుకున్న వెంట్రుకవాసి తర్వాత వేలు పడేది. మామూలు మనిషికి ఆ తేడా చెవిన కూడా పడదు. లయ తప్ప వేరే ఆస్తి లేనివాడికి అదే ఉరితాడు. గుడ్డ తీసి ఒకసారి వాయించి, మళ్ళీ గుడ్డ కప్పేశాడు.

"ఆలస్యం ఎక్కడవుతోంది?" అని అడిగాడు ఒక సాయంత్రం, వంటింటి బల్ల దగ్గర కూర్చుని.

సువర్చల పప్పు గిన్నె చూపించింది. "మీ మెదడు చెప్పిన మాట ముందు గింజలో లోపలి గదికి వస్తుంది. దాన్ని కెర్నెల్ అంటాం. బయటివాళ్ళకి అక్కడ ప్రవేశం లేదు. మడి వంటగది అనుకోండి. లోపలి మనిషి ఆ గిన్నెలోంచి తోడి బయటి గిన్నెలో పోస్తుంది. అప్పుడుగానీ మీ చేతికి అందదు. ఆ తోడిపోయడంలోనే ఆలస్యం."

"మరి నేనే లోపలికొచ్చి వడ్డించుకుంటే?"

"వంటంతా పాడు చేస్తారు. అందుకని గోడకి ఒక కిటికీ పెడదామనుకుంటున్నా. గిన్నె ఉన్నచోటే ఉంటుంది. మీరు కిటికీలోంచి చెయ్యి పెడితే చాలు. తోడేదీ లేదు, పోసేదీ లేదు."

"పక్కనున్న ఆవకాయ జాడీలో తడిచెయ్యి పెడతానేమో చూసుకో."

"అక్కడ జాడీ ఉంటే కదా" అని నవ్వింది సువర్చల.

నవ్వింది గానీ, అసలు భయం అదేనని ఆమెకి తెలుసు. గింజ మెమరీలో కిటికీ మన ఇష్టమొచ్చిన కొలతలో కుదరదు. ఒక పేజీ అని కొలత ఉంటుంది. తెరిస్తే పేజీ మొత్తం తెరవాలి. చేతి సంకేతాలు అందులో ఒక మూలకే సరిపోతాయి. మిగతా జాగాలో ఇంకెవరి సరుకైనా ఉంటే అదీ బయటపడుతుంది. పైగా చూడనిస్తే సరిపోదు, చెయ్యి ఆడాలంటే రాయనివ్వాలి. రాసే హక్కు కూడా పేజీ మొత్తానికీ కలిపే వస్తుంది. చేతికంటూ విడిగా ఒక పేజీ తీసి, శుభ్రంగా తుడిచి, ఇంకెవరూ చేరకుండా గడియ పెట్టి, అప్పుడు కిటికీ తెరవడం పద్ధతి. ఆ పద్ధతికి లోపలి ప్రోగ్రాం తిరగరాయాలి, అనుమతులు రావాలి, గింజ మార్చాలి. వచ్చే ఏటికి అయితే అయినట్టు.

ఈ లోపల మనిషి గుడ్డ కప్పిన మృదంగంలా అయిపోతున్నాడు. సువర్చల బల్ల మీద ఇంకో గింజ పెట్టి పరీక్ష చేసింది. చెయ్యి ఉన్న పేజీ తెరిచి చూస్తే మిగతా జాగా అంతా సున్నాలే. మర్నాడు చూసినా సున్నాలే. ఖాళీగానే ఉంది కదా అనుకుంది.

ఖాళీ జాగా ఎప్పుడూ ఖాళీగా ఉండదు. బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేసే ప్రయాణికుడికీ కెర్నెల్‌కీ పెద్ద తేడా లేదు. కొత్త సరుకు వస్తే, ఎక్కడ సందు దొరికితే అక్కడ వేసేస్తుంది. ఆ చలికాలంలో కాశీపతి గుండె గతి మందగించిందని డాక్టర్లు పేస్‌మేకర్ పెట్టారు. మెదడు ఎప్పుడు వేగం పెంచమంటుందో, ఎప్పుడు తగ్గించమంటుందో ఆ మాట గింజ ద్వారానే పేస్‌మేకర్‌కి వెళ్ళేట్టు కలిపారు. ఆపరేషన్ గది బయట బెంచీ మీద కూర్చుని దేవుళ్ళందరికీ మొక్కింది సువర్చలే. భార్యగా ఆమెకి అంతా తెలుసు. ప్రయోగశాలకి వచ్చి కుర్చీలో కూర్చున్నాక మాత్రం, బల్ల మీద గింజకి పేస్‌మేకర్ లేదన్న సంగతి ఆమెకి తట్టలేదు.

ఉగాదికి మూడు వారాల ముందు కిటికీ తెరిచింది.

ఆ రోజు ఇంట్లో జరిగింది చూడాల్సిందే. సువర్చల బొంబాయి రవ్వ తడిపి ముద్ద చేసి ఇస్తే, కాశీపతి దాన్ని నాదం కోసం మృదంగం ఎడమ మూతకి పట్టించాడు. కుడి మూత మీద వేలు పెట్టి కాసేపు అలాగే ఉన్నాడు, భయపడుతున్నట్టు. తర్వాత "త" అన్నాడు నోటితో. వేలు నోటితోపాటే పడింది. ఇంకోసారి. ఇంకోసారి. ఆ తర్వాత నోరు ఆగిపోయింది, చేతులు ఆగలేదు. పై వాటావాళ్ళు కిందికి దిగొచ్చి గుమ్మంలో నిలబడ్డారు. సువర్చల గోడకి ఆనుకుని తప్పు తాళం వేస్తూ, ముక్కు చీదుకుంటూ, మళ్ళీ తాళం వేస్తూ ఉండిపోయింది. అంత సంతోషం ఆమె జీవితంలో మళ్ళీ రాలేదు.

వారం గడిచాక కాశీపతి ఒక మాటన్నాడు. "సువర్చలా, నా చెయ్యి పక్కన ఇంకోడెవడో ఉన్నాడు."

"ఎవరు?"

"తెలీదు. చెయ్యి వెనకాల ఏదో నడుస్తోంది. వాడికి లయ జ్ఞానం తక్కువ. కాసేపు తొందరపడతాడు, కాసేపు జారిపోతాడు. మొదట్లో చిరాకేసింది. ఇప్పుడు కాస్త దారిలో పెట్టాను."

"ఎలా?"

"పక్కవాడు తప్పుతుంటే ఏం చేస్తాం? మెల్లగా తోసి లెక్కలో కూర్చోబెడతాం. బాగానే వింటున్నాడు" అన్నాడు, కొత్త శిష్యుడి గురించి చెప్పినట్టు.

కొత్త పరికరాలతో మెదడు ఇలాంటి చిత్రాలు చూపిస్తుందని సువర్చలకి తెలుసు. ఒకాయనకి గింజ పెట్టిన కొత్తలో కాలి బొటనవేలు తియ్యగా ఉన్నట్టు అనిపించేదట. ఇదీ అలాంటిదే అనుకుంది. అనుకోవడం తేలిక కాబట్టి అనుకుంది.

మరో నాలుగు రోజులకి మెట్లెక్కుతూ మొదటి అంతస్తు మలుపులో కాశీపతి కూలబడ్డాడు. మొహం పాలిపోయింది, పెదవులు నల్లబడ్డాయి. కాసేపు కూర్చుంటే సర్దుకుంది. ప్రయోగశాలలో డాక్టర్ మస్తాన్ వలీ మొదటినుంచీ అతన్ని చూస్తున్నవాడు, నెమ్మదస్తుడు. ఈసీజీ కాగితాన్ని చేతిలోకి తీసుకుని ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాడు.

"బాగుందా డాక్టరుగారూ?" అంది సువర్చల.

"మరీ బాగుందండీ. అదే నాకు నచ్చట్లేదు. గుండెనేది ఊపిరి పీలిస్తే కొంచెం పరిగెత్తుతుంది, వదిలితే కొంచెం నిదానిస్తుంది. మెట్లెక్కితే వేగం పెంచుతుంది. మీవారి గుండె ఊపిరిని పట్టించుకోవట్లేదు, మెట్లని పట్టించుకోవట్లేదు. స్కేలు పెట్టి గీసినట్టు కొట్టుకుంటోంది. బతికున్న మనిషికి ఇంత సమంగా ఉండకూడదు సువర్చల గారూ."

పేస్‌మేకర్ అమరికలో ఏదో తేడా ఉండొచ్చని, సరిచూసేదాకా గుండె గీత ఎప్పటికప్పుడు సువర్చల ఫోన్లో కనబడే ఏర్పాటు చేసి పంపాడు. కాశీపతి మాత్రం శ్రీరామనవమి పందిట్లో కచేరీ ఒప్పేసుకున్నాడు. వద్దంటే వినే దశలో లేడు.

పందిరి నిండా జనం. పానకం గ్లాసులు చేతులు మారుతున్నాయి, వడపప్పు పొట్లాలు ఒళ్ళలో ఉన్నాయి. పాడేది తిరుమలాంబ గారు. డెబ్భై దాటిన విద్వాంసురాలు, కాశీపతి నూనూగు మీసాల నాటినుంచీ ఆమెకి వాయించినవాడు.

"ఏరా కాశీ, చెయ్యొచ్చిందటగా" అన్నారావిడ వేదిక మీద సర్దుకుంటూ.

"మీ దయ వల్ల వచ్చిందమ్మా."

"నా దయేముందిరా, మీ ఆవిడ దయ. ఆ ఖాళీ కూడా వచ్చిందా, చెయ్యొక్కటే వచ్చిందా?"

అతను నవ్వి మృదంగం మీదికి వంగాడు. ఆ ఖాళీ అంటే లయ తెలిసినవాళ్ళందరికీ తెలుసు. మృదంగం ఒంటరిగా వాయించే వంతు వచ్చాక, చివరి ముక్తాయింపుకి ముందు కాశీపతి చేతులు ఎత్తేసి ఊరుకుంటాడు. తాళంలో సగం చుట్టు, ఏమీ ఉండదు. జనం చేతుల మీద తాళం నడుస్తూనే ఉంటుంది. సరిగ్గా సమం దగ్గర, తాళం మళ్ళీ మొదలయ్యే చోట, దెబ్బ పడుతుంది. దెబ్బ కన్నా ఆ ఊరుకోవడమే గొప్పగా ఉంటుందని ఆ ఖాళీ వినడానికే దూరం నుంచి వచ్చేవాళ్ళున్నారు.

ముందు వరసలో కూర్చున్న సువర్చల ఒళ్ళో ఫోను పెట్టుకుంది. మొదటి కీర్తన నడుస్తుండగా యథాలాపంగా గీత కేసి చూసింది. రెండో కీర్తనకి చూపు తిప్పుకోలేకపోయింది. మృదంగం నిదానిస్తే గీత నిదానిస్తోంది. కాలం పెరిగితే గీత పరుగెత్తుతోంది. మృదంగం ఒంటరి వంతు, తని, మొదలైంది. కాశీపతి వేళ్ళు ఎటు తిరిగితే గుండె అటు తిరుగుతోంది, విడకుండా, ఎక్కడా తడబడకుండా.

లయ తక్కువవాడు ఎవడో, చెయ్యి పక్కన ఉన్నవాడు ఎవడో అప్పుడు తెలిసింది. చెయ్యి ఉన్న పేజీలోనే గుండె సరుకూ చేరింది. సువర్చల లేవబోయింది.

కాశీపతి చేతులు ఎత్తేశాడు. పందిరి నిశ్శబ్దమైంది. ఫోన్లో గీత చదునైపోయింది.

చుట్టూ అందరూ తాళం వేస్తున్నారు, తొడల మీద మెత్తగా, చిరునవ్వులతో. దెబ్బ ఎప్పుడు పడుతుందో ఆ పందిట్లో పసిపిల్లకి కూడా తెలుసు. తెలియంది ఆమె ఒక్కతెకే. ఎన్ని దెబ్బలయ్యాయో, ఇంకెన్ని ఉన్నాయో ఆమెకి తెలియదు. పక్కనావిడ చేతికేసి చూసింది, ఏమీ అర్థం కాలేదు. చదును గీత ఫోను అంచు దాకా పాకింది. మొగుడి మొహం చూసింది. కళ్ళు మూసుకుని ఉన్నాడు, హాయిగా ఉన్నాడు.

దెబ్బ పడింది. గీత లేచింది. పందిరంతా ఒక్కసారి చప్పట్లతో మోగిపోయింది. తిరుమలాంబ గారు కళ్ళు తుడుచుకుంటున్నారు. సువర్చల ఫోను మీద పానకం ఒలికిపోయింది, ఎప్పుడు ఒలికిందో ఆమెకి తెలియదు.

మర్నాడు పొద్దున చెప్పింది. దాచకుండా, తన తప్పుతో సహా అంతా చెప్పింది. కాశీపతి విన్నాడు. చివరికి, "ఆవకాయ జాడీ" అన్నాడు.

"అవును. మూసేస్తాను. ఇవాళే వెళదాం."

"మూస్తే చెయ్యి?"

"పాత పద్ధతికి వెళుతుంది. కాస్త ఆలస్యం..."

"కాస్త" అని తల పంకించాడు. లేచి మృదంగం దగ్గరికి వెళ్ళి పక్కన కూర్చున్నాడు. "నీకు తెలీదు సువర్చలా. ఇన్నేళ్ళు ఖాళీ వదిలానా, లోపల ఎప్పుడూ ఏదో సొద ఉండేది. రాత్రి, మొదటిసారి, ఏమీ లేదు. అంత నిశ్శబ్దం ఏ విద్వాంసుడూ విని ఉండడు. వచ్చే కచేరీలో పూర్తి చుట్టు వదుల్దామనుకుంటున్నా."

"మీకు మతి పోయిందా? అది నిశ్శబ్దం కాదు, చావు."

"నేను లెక్కలోనే ఉన్నాగా. నేనెప్పుడైనా సమం తప్పానా?"

ఆమెకి కోపం వచ్చింది, భయం వచ్చింది, ఏడుపు వచ్చింది. "మీ విద్య మీకు గొప్ప కావచ్చు. నాకు మీ చెయ్యి అక్కర్లేదు, మీరు కావాలి" అంది. అతను మృదంగం మీద గుడ్డ సర్దుతూ కూర్చున్నాడు.

ఆ మధ్యాహ్నం భోజనమయ్యాక కునుకు తీశాడు. సువర్చల పక్కనే కూర్చుని చూసింది. నిద్రలో కూడా కుడిచేతి వేళ్ళు చాప మీద ఆడుతూనే ఉన్నాయి, మెత్తగా, తప్పకుండా. ఎన్నాళ్ళుగా ఆడుతున్నాయో ఆమె గమనించనేలేదు. ఉన్నట్టుండి ఆ వేళ్ళు వేగం అందుకున్నాయి. జతులు ముడిపడుతూ, కుదించుకుంటూ ఒక కొసకి వచ్చాయి. చిన్న దెబ్బ. తర్వాత వేళ్ళు కదల్లేదు.

సువర్చల అతన్ని రెండు భుజాలూ పట్టి కుదిపింది. గట్టిగా గుండె మీద కొట్టింది. కాశీపతి నీళ్ళలోంచి తేలినట్టు నోరు తెరిచి గాలి పీల్చుకుని లేచి కూర్చున్నాడు.

"కలలో కచేరీ" అన్నాడు చివరికి. "ముక్తాయింపు వేశాను. అయిపోయిందనుకున్నాను." భార్య చెయ్యి పట్టుకున్నాడు. "మూసెయ్యి. నేను నిద్రపోవాలి."

మూయడం తెరిచినంత సులువు కాదు. కాశీపతి పేజీలో రాస్తుండగా కిటికీ మూస్తే సగం రాసిన దెబ్బ అలాగే ఉండిపోతుంది. పేస్‌మేకర్ ఆ సగం దెబ్బ పట్టుకుని వెర్రెత్తుతుంది. అతను చెయ్యి పూర్తిగా తీసిన క్షణంలోనే మూయాలి. అప్పుడు లోపలి ప్రోగ్రాం లేచి, గుండె మళ్ళీ తనదేనని గుర్తించి, నడక అందుకోవాలి. ఎంతసేపట్లో అందుకుంటుందో సువర్చల కూడా చెప్పలేకపోయింది.

ప్రయోగశాలలో మంచం మీద పడుకోబెట్టారు. గది కిటికీలోంచి సముద్రం కనబడుతోంది. మస్తాన్ వలీ గుండెకి షాక్ ఇచ్చే యంత్రం దగ్గరికి జరుపుకున్నాడు.

"లెక్క మానండి" అంది సువర్చల తెరకేసి చూస్తూ.

"మానేశాను."

"లేదు. ఇంకా రాస్తూనే ఉన్నారు."

"ఏమీ వాయించట్లేదే. ఊరుకున్నాను."

"ఊరుకోవడాన్ని కూడా లెక్కపెడుతున్నారు మీరు" అందామె. తెర మీద అతని చెయ్యి పేజీని వదల్లేదు, ఖాళీని ఖాళీగా రాస్తూ పట్టుకునే ఉంది.

ఏదైనా వేరే సంగతి తలుచుకోమంది. తలుచుకున్నాడు, తాళంలోనే తలుచుకున్నాడు. మత్తు ఇద్దామంటే డాక్టరు ఒప్పుకోలేదు. మధ్యాహ్నం నిద్రలో ఏమైందో విన్నాక ఎవరు ఒప్పుకుంటారు? డాక్టరు కావాలని అడ్డదిడ్డంగా బల్ల మీద చరిచి చూశాడు. కాశీపతి నీరసంగా నవ్వాడు. "చిన్నప్పుడు మా గురువుగారు గులకరాళ్ళు డబ్బాలో వేసి ఊపేవారు డాక్టరుగారూ, నేను లెక్క తప్పుతానేమోనని. కావాలని తప్పే తాళం నన్నేమీ చెయ్యదు. ఆ తప్పులో కూడా ఒక లెక్కుంటుంది."

అతని మాట సువర్చల చెవిలో ఉండిపోయింది. కావాలని తప్పే తాళం.

ఆమె కుర్చీ మంచం దగ్గరికి లాక్కుంది. "డాక్టరుగారూ, కిటికీ మూసే ఈ మీట మీద మీ వేలు పెట్టుకోండి. ఆయన రాస్తున్నారని చూపించే ఈ గుర్తు తెర మీద ఆరిపోగానే నొక్కండి. నా చేతులు ఖాళీ ఉండవు." తర్వాత మొగుడి వైపు తిరిగింది. "నేను తాళం వేస్తాను. ఆది తాళం. ఈసారి తప్పను."

"వెయ్యి" అన్నాడు కాశీపతి.

వేసింది. తప్పాలని వెయ్యలేదు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ వెయ్యనంత శ్రద్ధగా, పెదవులు కదుపుతూ, వేళ్ళు మడుస్తూ, ప్రాణమంతా పెట్టి సరిగ్గా వెయ్యాలని వేసింది. రెండో చుట్టుకే జారింది. జారానని తెలిసి తొందరపడింది. తొందరపడ్డానని ఆగింది. కాశీపతి మొహంలో పాత నవ్వు కదిలింది. మృదంగంవాడి బుద్ధి పక్కవాణ్ణి పట్టుకోవడం. తప్పినవాణ్ణి వదిలేసి తన లెక్కలో తాను పోవడం అతనికి చేతకాదు. కొంచెం నిదానించి ఆమె కోసం ఆగాడు. ఆమె అక్కడికి రాలేదు, ఇంకెక్కడో తేలింది. అక్కడికి వెళ్ళాడు. ఆమె అక్కడా లేదు.

తెర మీద గీత తడబడింది. మస్తాన్ వలీ మీట మీద వేలు బిగించాడు.

"ఇది ఎన్నోది?" అన్నాడు కాశీపతి, నిజంగా తెలియక.

"అయిదోదండీ" అంది ఆమె. మూడోది.

అతను పకపకా నవ్వాడు, పిల్లాడిలా. ఆ నవ్వులో లెక్క జారిపోయింది. గుర్తు ఆరిపోయింది. డాక్టరు మీట నొక్కాడు.

గీత చదునైంది. నవ్వు అలాగే కాశీపతి మొహం మీద ఉండిపోయింది, కళ్ళలో వెలుగు మాత్రం ఆరిపోయింది. గదిలో యంత్రం సన్నగా కూస్తోంది. "ఇంక తెరవండి, కిటికీ తెరిచేయండి" అన్నాడు మస్తాన్ వలీ, రెండు చేతుల్లో షాక్ పలకలు పట్టుకుని. తెరిస్తే బతుకుతాడు. తెరిస్తే మళ్ళీ ఎప్పటికీ దాన్ని వదల్లేడు, ఏదో ఒక మధ్యాహ్నం చాప మీద ముక్తాయింపు వేసుకుంటాడు. సువర్చల చేతులు ఒళ్ళో బిగించి కూర్చుంది. ఎంతసేపు కూర్చుందో ఆమెకి తెలియదు. లెక్కపెట్టడం ఆమెకి రాదు.

గీత ఒకసారి ఎగిరింది. ఆగింది. ఆలస్యంగా ఇంకోటి. తర్వాత రెండు తొందరగా. ఒక పద్ధతీ పాడూ లేకుండా, ఎవరో కొత్తగా నేర్చుకుంటున్నట్టు గుండె కొట్టుకోసాగింది. కాశీపతి ఊపిరి పీల్చాడు, గీత కాస్త పరిగెత్తింది. వదిలాడు, నిదానించింది. డాక్టరు పలకలు కింద పెట్టి గోడవైపు తిరిగి కాసేపు నిలబడ్డాడు.

విడి పేజీ పద్ధతి వచ్చే ఏటికి సిద్ధమవుతుందని, అప్పుడు మళ్ళీ కిటికీ పెట్టుకోవచ్చని ప్రయోగశాలవాళ్ళు చెప్పారు. కాశీపతి వద్దన్నాడు. సువర్చల అడగనే లేదు. చెయ్యి మళ్ళీ వెంట్రుకవాసి వెనకబడింది. మృదంగాల్లో మంచిదాన్ని ఒక శిష్యుడికి ఇచ్చేసి, పిల్లలకి నోటితో జతులు చెప్పడం మొదలుపెట్టాడు. "నోరుందిగా" అంటాడు ఎవరైనా జాలిపడితే. మెట్లు మెల్లగా ఎక్కుతున్నాడు. ప్రతి నెలా గుండె గీత చూసి మస్తాన్ వలీ, "చక్కగా అడ్డదిడ్డంగా ఉందండీ" అని మెచ్చుకుంటాడు.

మధ్యాహ్నాలు భోజనమయ్యాక కాశీపతి హాయిగా నిద్రపోతాడు. వేళ్ళు చాప మీద కదలకుండా పడి ఉంటాయి. సువర్చల పక్కనే కూర్చుని అతని రొమ్ము మీద ఎడమచెయ్యి వేసి ఉంచుతుంది. దెబ్బ తర్వాత దెబ్బ. తర్వాతిది ఒక్కోసారి ముందే వస్తుంది, ఒక్కోసారి ఎంతకీ రాదు. ఎప్పుడు పడుతుందో చెప్పే తాళం దానికి లేదు. ఫోను మోగినా తియ్యదు, తలుపు తట్టినా లేవదు. లేస్తే, తను చూడని ఆ కాసేపట్లో అది ఆగిపోతుందేమోనని ఆమె భయం. ఆ భయం తగ్గట్లేదు.

ఒక రోజు మెలకువ వచ్చి కాశీపతి కళ్ళు తెరిచాడు. భార్య కుడిచెయ్యి చాప మీద ఉంది. అతని గుండె దెబ్బ దెబ్బకీ వేళ్ళు ఆడుతున్నాయి, మెత్తగా, ఆగకుండా. చాలాసేపు విన్నాడు. ఎక్కడైనా తప్పుతుందేమోనని ఎదురుచూశాడు.

తప్పలేదు.

"సువర్చలా, చాలు, ఆపు" అన్నాడు.

ఆమె అతనికేసి చూసి తల అడ్డంగా ఊపింది. మాట్లాడితే లెక్క పోతుంది.